లాంబ్రెటా, విజయ్ సూపర్, లాంబీ.. మూలన పడ్డ పాత ఇటలీ స్కూటర్‌ను మళ్లీ రోడ్డెక్కించాలా? పార్టులు ఎక్కడ దొరుకుతాయి, ముందు ఏం చూడాలి?

పాత స్కూటర్లకు మళ్లీ రోజులొచ్చాయి. తాతగారి కాలం నాటి లాంబ్రెటా, నాన్న నడిపిన విజయ్ సూపర్, పెరట్లో టార్పాలిన్ కింద తుప్పు పడుతున్న లాంబీ.. ఒకప్పుడు కిలోల లెక్కన పాత ఇనుము కొట్టుకు వెళ్లిపోయిన ఈ బండ్లను ఇప్పుడు వెతికి మరీ కొంటున్నారు. చాలామంది ఇంట్లో ఉన్నదాన్నే బాగు చేయించుకోవాలని చూస్తున్నారు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. ఆశతో మెకానిక్ షెడ్డుకు తోలిన బండి నెలల తరబడి అక్కడే ఆగిపోతుంది. పెయింట్ మెరుస్తుంది, ఇంజిన్ మాత్రం పది కిలోమీటర్లకే సీజ్ అవుతుంది. కొత్త పార్టు కొంటారు, అది కూర్చోదు. అప్పటికే పాతది పారేసి ఉంటారు. ఇలా డబ్బూ, బండీ రెండూ పోగొట్టుకున్నవాళ్లు ఎందరో.

నిజానికి ఈ స్కూటర్లకు పార్టులు దొరకవన్నది అపోహ. ప్రపంచంలో ఇంత పాత ఇటలీ బండికి ఇంత సులువుగా సామాన్లు దొరకడమే అరుదు. అందుకు కారణం మన దేశమే. కాకపోతే ఏ పార్టు దేనికి సరిపోతుందో, ఏ పనిని ఏ వరసలో చేయించాలో తెలియాలి. ఆ వివరాలు ఇప్పుడు చూద్దాం.

మిలన్ నుంచి లక్నోకు.. అసలు కథ ఇదీ

లాంబ్రెటా పుట్టింది ఇటలీలోని మిలన్ నగరంలో. అక్కడి లాంబ్రాటే ప్రాంతంలో ఫెర్డినాండో ఇన్నోసెంటికి స్టీలు గొట్టాల ఫ్యాక్టరీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు దాడులకు దెబ్బతిన్న ఆ ఫ్యాక్టరీ నుంచి 1947లో తొలి లాంబ్రెటా బయటికొచ్చింది. గొట్టాల వ్యాపారి తయారుచేసిన బండి కదా, దాని ఫ్రేమ్ కూడా స్టీలు గొట్టమే. దాని మీద రేకు ప్యానెళ్లను బోల్టులతో బిగిస్తారు. పోటీ బండి వెస్పాది వేరే పద్ధతి. దానికి రేకు బాడీయే ఫ్రేమ్. లాంబ్రెటా ఇంజిన్ బండి మధ్యలో ఉంటే, వెస్పా ఇంజిన్ కుడివైపున ఉంటుంది.

ఈ తేడా మనకెందుకంటే.. మన ఊళ్లలో చాలామంది మెకానిక్‌లకు తెలిసింది బజాజ్ చేతక్. దాని మూలం వెస్పా. చేతక్‌లో చేయి తిరిగిన మెకానిక్‌కు లాంబ్రెటా ఇంజిన్ కొత్తే. చేతక్ ఇంజిన్ సామాన్లు దీనికి పనికిరావు.

మన దేశంలో లాంబ్రెటాను మొదట బొంబాయికి చెందిన ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా, అంటే ఏపీఐ తయారుచేసింది. ఇటలీలో 1959లో వచ్చిన ఎల్ఐ 150 సిరీస్ 2 మోడల్‌ను ఆ సంస్థ దశాబ్దాల పాటు కొనసాగించింది. తర్వాతి రోజుల్లో అదే బండి లాంబీ పేరుతో అమ్ముడైంది.

రెండో దారి లక్నోది. ఇటలీలో 1971లో ఇన్నోసెంటి స్కూటర్ల తయారీ ఆపేసింది. ఆ యంత్రాలను, డైలను, డ్రాయింగులను భారత ప్రభుత్వం కొనేసింది. 1972లో స్కూటర్స్ ఇండియా లిమిటెడ్ ఏర్పడింది. 1975 నుంచి లక్నోలో బండ్లు తయారయ్యాయి. దేశంలో అమ్మినవాటికి విజయ్ డీలక్స్, విజయ్ సూపర్ అని పేర్లు పెట్టారు. విదేశాలకు వెళ్లినవి లాంబ్రెటా పేరుతోనే వెళ్లాయి. లక్నో నుంచి వచ్చిన సామాన్లతో హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ కూడా ఒక స్కూటర్ తెచ్చింది. అదే ఆల్విన్ పుష్పక్. మన దగ్గర పెద్దవాళ్లు చాలామందికి ఆ పేరు ఇప్పటికీ గుర్తే.

లక్నోలో స్కూటర్ల తయారీ 1997 దాకా సాగింది. అంటే ఇటలీలో ఆగిపోయాక కూడా పాతికేళ్ల పాటు ఈ బండికి కొత్త పార్టులు తయారయ్యాయి. బ్రిటన్‌లో, ఇటలీలో లాంబ్రెటా ప్రేమికులు ఇప్పటికీ ఇండియా సామాన్ల కోసం చూసేది అందుకే.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకం? ఇలా గుర్తుపట్టండి

పార్టుల వేటలో మొదటి మెట్టు ఇదే. షాపులో "లాంబ్రెటాకు కావాలి" అంటే సరిపోదు. పక్క ప్యానెళ్లు ఉబ్బుగా, బండి వెడల్పుగా ఉండి, హెడ్‌లైట్ హ్యాండిల్‌తో పాటు తిరుగుతుంటే అది సిరీస్ 2 కుటుంబం. ఏపీఐ లాంబ్రెటా, లాంబీ ఈ కోవలోకి వస్తాయి. బండి సన్నగా ఉండి, హెడ్‌లైట్ పలకగా ఉంటే అది 1969లో ఇటలీలో వచ్చిన జీపీ కుటుంబం. దీనికి డిజైన్ ఇచ్చింది ఇటలీకి చెందిన బెర్టోనె సంస్థ. విజయ్ సూపర్, ఆల్విన్ పుష్పక్ ఈ వంశానివే.

రెండింటి ఇంజిన్ నమూనా దాదాపు ఒకటే. పడుకోబెట్టిన సింగిల్ సిలిండర్, రెండు స్ట్రోకుల ఇంజిన్, ఫ్యాన్ గాలితో చల్లబడే ఏర్పాటు, నాలుగు గేర్లు, లోపల డబుల్ చైన్. 150 సీసీ బండికి బోర్ 57 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 58 మిల్లీమీటర్లు. ఇదే కుటుంబంలోని 125, 175, 200 సీసీ మోడళ్లకు కూడా స్ట్రోక్ 58 మిల్లీమీటర్లే. అందుకే చాలా సామాన్లు ఒకదాని నుంచి ఇంకోదానికి కుదురుతాయి.

కానీ అన్నీ కుదరవు. ఉదాహరణకు ఫ్లైవీల్ కూర్చునే క్రాంక్ కొస. ఎల్ఐ రకానికి ఒక వాలు, జీపీ రకానికి మరో వాలు. ఎల్ఐ క్రాంక్ మీద జీపీ ఫ్లైవీల్ పెట్టి బలవంతంగా బిగిస్తే కొన్నాళ్లు నడిచినట్టే ఉంటుంది. తర్వాత కీ తెగి, క్రాంక్ కొస పాడై రెండూ పోతాయి. అలాగే 150 ఇంజిన్ కేసింగ్‌లో 200 సీసీ సిలిండర్ నేరుగా కూర్చోదు. ప్యానెళ్లు, మడ్‌గార్డ్, హ్యాండిల్ తల, లెగ్‌షీల్డ్.. ఈ బాడీ సామాన్లు సిరీస్ 2వి జీపీకి రావు, జీపీవి సిరీస్ 2కి రావు.

అందుకే పని మొదలుపెట్టే ముందు మూడు నంబర్లు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఫ్రేమ్ మీద చెక్కిన చాసిస్ నంబర్, కేసింగ్ మీదున్న ఇంజిన్ నంబర్, ఆర్‌సీలో ఉన్న నంబర్లు. ఇవి కలుస్తున్నాయో లేదో అప్పుడే తేలిపోవాలి. బండిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఫోన్‌లో ఉంచుకుంటే షాపువాళ్లకు చూపించడానికీ, విప్పినవి తిరిగి బిగించడానికీ పనికొస్తాయి.

పదేళ్లుగా కదలని బండికి వెంటనే కిక్ కొట్టొద్దు

చాలామంది చేసే మొదటి పని పెట్రోల్ పోసి కిక్ కొట్టడం. పాత ఇంజిన్ పాడయ్యేది సగం అక్కడే. ఏళ్ల తరబడి నిలబడ్డ ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుని ఉంటాయి. బేరింగ్‌లలో తుప్పు ఉంటుంది. బలంగా కిక్ కొడితే రింగు విరగొచ్చు, తుప్పు పొడి గోడను గీరేయొచ్చు.

ముందు స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోయాలి. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయాలి. తర్వాత ఫ్యాన్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడాలి. తిరిగితే మంచిదే. తిరగకపోతే బలవంతం చేయకుండా హెడ్, సిలిండర్ విప్పించడమే మేలు.

ట్యాంకులో మిగిలిన పాత పెట్రోల్ పారబోయాలి. లోపల తుప్పు ఉంటే శుభ్రం చేయించాలి. పెట్రోల్ పైపు, ట్యాప్ లోపలి వాషర్లు, కార్బరేటర్ రబ్బరు సామాన్లు మార్చేయాలి. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. 1970ల నాటి బండిని ఈ పెట్రోల్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేయలేదు. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే పైపే వేయించుకోవాలి. బండిని వారాల తరబడి ఆపేటప్పుడు ట్యాప్ కట్టేసి, కార్బరేటర్‌లో పెట్రోల్ అయిపోయేదాకా నడిపి ఆపడం మంచి అలవాటు.

ఇంజిన్ ఎందుకు సీజ్ అవుతుంది? అసలు దొంగ ఆయిల్ సీలే!

ఈ బండ్లలో ఎక్కువగా వినిపించే మాట.. "బోరింగ్ చేయించినా మళ్లీ సీజ్ అయింది". తప్పు చాలాసార్లు బోరింగ్‌ది కాదు. క్రాంక్‌కు రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లది.

రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పెట్రోల్, ఆయిల్, గాలి కలిసిన మిశ్రమం క్రాంక్ గదిలోంచే వెళ్తుంది. ఆ గది గట్టిగా మూసి ఉండాలి. ఫ్లైవీల్ వైపు సీల్ అరిగితే బయటి గాలి లోపలికి దూరుతుంది. మిశ్రమంలో పెట్రోల్ తగ్గుతుంది, దాంతో పాటు అందులో కలిసిన ఆయిల్ కూడా తగ్గుతుంది. ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే తగ్గకుండా ఊగిసలాడుతుంటే ఈ సీల్‌నే అనుమానించాలి.

రెండోది చైన్ వైపు సీల్. అది పోతే గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజిన్‌లోకి వెళ్లి కాలుతుంది. తెల్లటి పొగ దట్టంగా వస్తుంది, గేర్ ఆయిల్ తరిగిపోతుంది. ఒక్కోసారి గేర్ ఆయిల్‌కు పెట్రోల్ వాసన వస్తుంది. ఎండిపోయిన సీళ్లు బయటికి బాగానే కనిపిస్తాయి. ఏళ్లుగా నిలబడ్డ బండికి ఇంజిన్ విప్పినప్పుడు సీళ్లు, బేరింగ్‌లు, గ్యాస్కెట్లు ఒకేసారి మార్చేయడమే చవక.

మరో కారణం ఫ్యాన్ చుట్టూ, సిలిండర్ చుట్టూ ఉండే రేకు కవర్లు. "ఇవి లేకపోతే గాలి బాగా తగులుతుంది" అని కొందరు తీసేస్తారు. జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. ఫ్యాన్ గాలిని సిలిండర్ దాకా తీసుకెళ్లేవి ఆ కవర్లే. అవి లేకుండా బండి నడపకూడదు.

ఇక పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిల్. పిస్టన్ పిన్ దగ్గర బుష్ ఉన్న పాత ఇంజిన్లకు లీటరుకు 40 మిల్లీలీటర్లు, నీడిల్ బేరింగ్ ఉన్నవాటికి 20 మిల్లీలీటర్లు అన్నది సాధారణ లెక్క. మీ బండిలో ఏది ఉందో విప్పినప్పుడు మెకానిక్‌ను అడిగి తెలుసుకోండి. పొగ తగ్గుతుందని ఆయిల్ తగ్గిస్తే ఇంజిన్ ఆయుష్షు తగ్గుతుంది.

నడుపుతుండగా ఇంజిన్ బిగుసుకుంటున్నట్టు, వేగం దానంతట అదే పడిపోతున్నట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టేయాలి. లేదంటే వెనక చక్రం లాక్ అయి బండి పడిపోయే ప్రమాదం ఉంది.

ప్రాణం మీదికి తెచ్చేవి.. ఈ రెండింటినీ అస్సలు మరవొద్దు

మొదటిది వెనక హబ్. వెనక చక్రాన్ని మోసే ఈ హబ్, గేర్‌బాక్స్ షాఫ్ట్ కొస మీద కూర్చుని ఒక పెద్ద నట్టుతో నిలబడుతుంది. దానికి మడత పెట్టే లాక్ వాషర్ ఉంటుంది. ఆ నట్టు చాలా గట్టిగా ఉండాలి. వదులైతే హబ్ ఊగుతూ షాఫ్ట్‌ను, తననూ తినేస్తుంది. చివరికి చక్రమే ఊడే పరిస్థితి వస్తుంది. సుత్తి, ఉలితో నట్టు కొట్టి బిగించే పద్ధతికి ఒప్పుకోవద్దు. సరైన సాకెట్, టార్క్ రెంచ్ వాడాలి. లాక్ వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. ఇంజిన్ పని అయ్యాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగిన తర్వాత మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి.

రెండోది చక్రం రిమ్. ఇది రెండు ముక్కలు. రెండింటినీ నట్లు కలిపి ఉంచుతాయి. టైర్‌లో గాలి ఉండగా ఆ నట్లు విప్పితే రిమ్ ముక్కలు తుపాకీ గుండులా ఎగిరి రావచ్చు. టైర్ మార్చేటప్పుడు ముందు గాలి పూర్తిగా తీసేయాలి. పంక్చర్ షాపులో కుర్రాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు, మీరే చెప్పాలి. తుప్పు తిని పలచబడ్డ రిమ్‌ను పెయింట్ వేసి వాడటం కన్నా కొత్తది కొనడమే నయం.

ఏ పార్టులు సులువు? ఏవి కష్టం?

సులువుగా దొరికేవి చాలానే ఉన్నాయి. టైర్ సైజు 3.50-10. చేతక్‌కు కూడా ఇదే సైజు, కాబట్టి టైర్లు, ట్యూబులకు దిగుల్లేదు. క్లచ్, గేర్, బ్రేక్, యాక్సిలరేటర్ కేబుళ్లు, బ్రేక్ షూలు, ఆయిల్ సీళ్లు, గ్యాస్కెట్లు, బేరింగ్‌లు, క్లచ్ కార్క్ ప్లేట్లు, పిస్టన్ సెట్లు, పాయింట్లు, కండెన్సర్లు, రబ్బరు సామాన్లు.. ఇవన్నీ ఇప్పటికీ తయారవుతున్నాయి. బేరింగ్‌లు, సీళ్లు స్కూటర్ షాపులోనే కొనాలని లేదు. బేరింగ్ మీద ఉన్న నంబర్, సీల్ లోపలి, బయటి కొలతలు చెబితే మంచి బేరింగ్ షాపులో పేరున్న కంపెనీవి దొరుకుతాయి.

కష్టమైనవి బాడీ సామాన్లు. పాత మందపు రేకుతో చేసిన ఒరిజినల్ ప్యానెళ్లు, ఫ్యాక్టరీ హ్యాండిల్ తల, స్పీడోమీటర్, బ్యాడ్జీలు, తాళాలు, సీటు ఫ్రేములు. కొత్తగా తయారైనవి దొరుకుతాయి కానీ, ఒక్కోసారి రేకు పలచగా ఉంటుంది, రంధ్రాలు వరసకు రావు. వంగిన పాత ప్యానెల్‌ను మంచి టింకర్ చేత సరిచేయిస్తే, కొత్త పలచటి ప్యానెల్ కన్నా అందంగా కూర్చుంటుంది. మన ఊళ్లలో రేకు పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. ఆ పని విలువ ఇక్కడే తెలుస్తుంది.

ఇదే సూత్రం ఇంజిన్‌కూ వర్తిస్తుంది. పాత క్రాంక్‌కు కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్ వేయించొచ్చు. పాత సిలిండర్‌కు బోరింగ్ చేయించొచ్చు. మర పోయిన రంధ్రానికి లేత్ షాపులో కొత్త మర వేయించొచ్చు. కాబట్టి బండి పని పూర్తయి, వెయ్యి కిలోమీటర్లు సాఫీగా తిరిగేదాకా ఒక్క పాత పార్టు కూడా పారేయొద్దు. షెడ్డులో "పాతవి మేమే పడేస్తాం లెండి" అంటే ఊరుకోవద్దు. ఒక బస్తాలో వేసి ఇంటికి తెచ్చుకోవాలి.

బోరింగ్ విషయంలో ఇంకో జాగ్రత్త. ముందు పిస్టన్ కొనాలి, తర్వాత ఆ పిస్టన్‌ను చేతికిచ్చి దాని కొలతకు బోరింగ్ చేయించాలి. ముందు బోర్ కొట్టించి తర్వాత పిస్టన్ వెతికితే ఆ సైజు దొరక్క చిక్కుల్లో పడతారు.

పానాల సంగతీ ఒకటుంది. లాంబ్రెటాలో చాలాచోట్ల 7 మిల్లీమీటర్ల స్టడ్‌లు, వాటికి 11 నంబర్ పానా పట్టే నట్లు ఉంటాయి. మిగతా బండ్లలో ఈ సైజు అరుదు. అందుకే కొందరు మెకానిక్‌లు చేతికందిన 6 లేదా 8 బోల్టును ఎక్కించేస్తారు. అల్యూమినియం కేసింగ్‌లో మర మొత్తం పోతుంది. 7 మిల్లీమీటర్ల స్టడ్‌లు, నట్లు ఒక సెట్టు ముందే కొని మెకానిక్ చేతిలో పెడితే ఈ గొడవ ఉండదు. ఫ్లైవీల్ తీయడానికి దాని పుల్లర్ కూడా ఉండాలి. సుత్తితో కొడితే క్రాంక్ వంకర పోతుంది. "పుల్లర్ ఉందా?" అని అడిగితే ఆ షెడ్డులో ఈ బండి పని తెలుసో లేదో అర్థమైపోతుంది.

పార్టుల కోసం ఎక్కడికి వెళ్లాలి?

తెలుగు రాష్ట్రాల్లో అయితే సికింద్రాబాద్ రాణిగంజ్, విజయవాడ ఆటోనగర్ మొదట చూడాల్సిన చోట్లు. లాంబ్రెటా సామాన్లంటూ బోర్డు కనిపించకపోవచ్చు. పాత దుకాణాల్లో పెద్దవయసు యజమానిని అడిగితే, అటక మీద దుమ్ము పట్టిన డబ్బాలో ఎప్పటిదో కొత్త సామాను బయటపడే అవకాశం ఉంది. అమ్ముడుపోకుండా మిగిలిన అలాంటి పాత స్టాకుకే అసలు విలువ. చెన్నై పుదుపేట పాత పార్టులకు, ఢిల్లీ కరోల్‌బాగ్ టూవీలర్ సామాన్లకు పేరున్న మార్కెట్లు.

ఆన్‌లైన్‌లోనూ కావాల్సినన్ని దొరుకుతాయి. విదేశాల్లో బ్రిటన్, ఇటలీ షాపులు పెద్దవి. మిలన్ దగ్గర రొడానోలో కాసా లాంబ్రెటా అనే సంస్థ పాత డ్రాయింగుల ఆధారంగా పార్టులు తయారుచేయిస్తోంది. అక్కడే లాంబ్రెటా మ్యూజియం కూడా ఉంది. అక్కడి నుంచి తెప్పిస్తే పార్టు ధరకు కొరియర్ ఛార్జీ, కస్టమ్స్ సుంకం తోడవుతాయి. గ్యాస్కెట్ సెట్, చిన్న ఇంజిన్ పార్టులకు అది గిట్టుబాటు కావచ్చు. ప్యానెళ్లు, రిమ్‌ల వంటి బరువైనవాటికి ఇక్కడే వెతుక్కోవడం మంచిది. బ్రిటన్‌లోనో, అమెరికాలోనో బంధువులున్న తెలుగువాళ్లు చిన్న సామాన్లను వాళ్లు వచ్చేటప్పుడు తెప్పించుకోవచ్చు.

ఎక్కడ కొన్నా మూడు పద్ధతులు పాటించాలి. పాత పార్టు చేతిలో పట్టుకెళ్లాలి లేదా స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి పంపాలి. బండి పేరుతో పాటు మోడల్, చాసిస్ నంబర్ చెప్పాలి. సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారా అని డబ్బు కట్టే ముందే అడగాలి.

మెరిసే బండి కొంటున్నారా? పెయింట్ కింద ఏముందో చూడండి

సొంత బండి లేక కొనాలనుకునేవాళ్లు తళతళలాడే రంగు చూసి మోసపోవద్దు. తుప్పు తిన్న రేకు మీద లప్పం దట్టించి, రెండు రంగులు కొట్టి అమ్మే బండ్లు చాలా ఉన్నాయి. ఇండియా నుంచి ఇలా హడావుడిగా తయారై వెళ్లిన స్కూటర్ల మీద బ్రిటన్ కొనుగోలుదారులు ఎన్నో ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు.

జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. రేకుకు అంటుకోవాల్సిన అయస్కాంతం అంటుకోకపోతే అక్కడ లప్పం ఉన్నట్టే. కాళ్లు పెట్టే చోట బోర్డు కింద, ఫ్రేమ్ గొట్టానికి వెల్డింగ్ అతుకులు ఉన్నాయేమో చూడండి. ముందు చక్రాన్ని పట్టుకుని ఊపండి. కదిలితే ఫోర్క్ లింక్ బుష్‌లు అరిగినట్టు. వెనక నుంచి చూస్తే రెండు చక్రాలు ఒకే గీతలో కనిపించాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికి వేడి చేసి ఉంచారంటే కారణం అడగండి.

రంగు వేయని, నడవని, కానీ అన్ని సామాన్లూ బండి మీదే ఉన్న పాత స్కూటరే చాలాసార్లు మంచి బేరం. లోపం కళ్లకు కనిపిస్తుంది కాబట్టి ఖర్చు లెక్క కూడా ముందే తెలుస్తుంది.

ఆర్‌సీ సంగతి తేలకుండా రూపాయి ఖర్చు పెట్టొద్దు

బండి బాగయ్యాక ఆర్‌సీ చెల్లదని తెలిస్తే పడ్డ శ్రమంతా వృథా. మామూలు వాడకానికైతే 15 ఏళ్లు దాటిన బండికి రవాణా శాఖ తనిఖీ తర్వాత రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. 20 ఏళ్లు దాటిన టూవీలర్లకు ఈ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025లో 2,000 రూపాయలకు పెంచింది. గడువు దాటిన ఆలస్యానికి రుసుము, రాష్ట్రాన్ని బట్టి గ్రీన్ ట్యాక్స్ అదనం.

50 ఏళ్లు దాటిన బండికి మరో దారి ఉంది. అదే వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబర్ ప్లేట్ మీద వీఏ అక్షరాలు ఉంటాయి. అయితే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఇంకో ముఖ్యమైన షరతు.. వింటేజ్ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోల్ పోయించుకోవడానికి మాత్రమే తీయాలి. రోజూ ఆఫీసుకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది కుదరదు.

తాతగారి పేరు మీదే ఆర్‌సీ ఉంటే వారసత్వ పత్రాలతో పేరు మార్పించుకోవాలి. ఇంజిన్ మారి, నంబర్ ఆర్‌సీతో కలవకపోతే ఆ విషయం ముందుగా ఆర్టీవో ఆఫీసులో తేల్చుకోవాలి. నంబర్ చెరిపి కొత్తగా చెక్కించడం నేరం. చక్కగా కనిపిస్తుందని చాసిస్ నంబర్ మీద లప్పం పెట్టినా తనిఖీలో ఇబ్బందే.

డబ్బు ఏ వరసలో పెట్టాలి?

ఎక్కువమంది పెయింట్‌తో మొదలుపెడతారు. అది చివర చేయాల్సిన పని. మొదట కాగితాలు. తర్వాత బ్రేకులు, టైర్లు, రిమ్‌లు, కేబుళ్లు, వెనక హబ్. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్. అప్పుడు వైరింగ్, లైట్లు. రంగు వేసే ముందు బండిని ఒకసారి పూర్తిగా బిగించి, కొన్నాళ్లు నడిపి, లోపాలు సరిచేసుకోవాలి. ప్యానెళ్లన్నీ వరసకు కూర్చుంటున్నాయని తేలాకే విప్పి పెయింట్‌కు ఇవ్వాలి. లేదంటే కొత్త రంగు మీద పానా గీతలు తప్పవు.

రోడ్డెక్కాక ఈ అలవాట్లు చాలు

గేర్‌బాక్స్‌లో పట్టేది సుమారు 700 మిల్లీలీటర్ల 90 గ్రేడ్ ఆయిల్. గేర్లు, చైన్, క్లచ్ అన్నీ ఆ ఆయిల్‌లోనే తిరుగుతాయి. ఇంజిన్ పని అయ్యాక మొదటి 500 కిలోమీటర్లకే దాన్ని మార్చి, అందులో ఇనుప రజను ఏమైనా ఉందా అని చూడాలి. కొత్త కార్క్ ప్లేట్లు వేసే ముందు ఆయిల్‌లో నానబెట్టాలి. పాయింట్ల గ్యాప్, ప్లగ్ రంగు అప్పుడప్పుడు చూసుకోవాలి. ప్లగ్ కొస లేత గోధుమ రంగులో ఉంటే మంచిది. తెల్లగా మారితే ఇంజిన్ వేడెక్కుతోందని హెచ్చరిక. ఎయిర్ ఫిల్టర్ నుంచి కార్బరేటర్‌కు వచ్చే రబ్బరు గొట్టం పగిలితే వెంటనే మార్చాలి.

దూర ప్రయాణమైతే ఒక క్లచ్ కేబుల్, ఒక గేర్ కేబుల్, ప్లగ్, 11 నంబర్ పానా వెంట ఉంచుకోవాలి. ఇవి ఉంటే దారిలో వచ్చే చాలా ఇబ్బందులు అక్కడికక్కడే తీరిపోతాయి. కొత్త పిస్టన్ వేసిన బండిని మొదటి 500 కిలోమీటర్లు గట్టిగా పరిగెత్తించకూడదు. మధ్యమధ్యలో ఆపి చల్లబడనివ్వాలి.

ఇటలీలో ఈ స్కూటర్ల తయారీ ఆగి యాభై ఏళ్లు దాటింది. లక్నోలో స్కూటర్ల లైన్ ఆగి కూడా చాలా ఏళ్లయింది. స్కూటర్స్ ఇండియా మూసివేతకు కేంద్రం 2021లో ఆమోదం తెలిపింది. ఇక ఫ్యాక్టరీ నుంచి కొత్త ఒరిజినల్ పార్టు రాదు. ఉన్నవి ఎంతకాలం నడుస్తాయన్నది ఇప్పుడు వాటి యజమానుల చేతుల్లో, మన షెడ్డుల్లోని లేత్, రేకు పనివాళ్ల చేతుల్లో ఉంది. కాబట్టి పెరట్లో ఉన్న పాత స్కూటర్‌ను ఇనుప సామాన్ల బండికి ఎత్తే ముందు ఒక్కసారి ప్యానెల్ విప్పి ఆ చాసిస్ నంబర్ చదవండి. బండి మొత్తాన్నీ బాగు చేయించలేకపోయినా, అందులోని ఒక్కో ఒరిజినల్ పార్టు కోసం ఎక్కడో ఎవరో వెతుకుతూనే ఉంటారు.